బలానికి ఒక సీసా

మందుల షాపు నడిపేవాడికి రోజుకు పదిసార్లయినా వినిపించే మాట ఒకటుంది. “పిల్లోడికి బలానికేమన్నా ఇవ్వండి.” చేతిలో డాక్టరు చీటీ ఉండదు, పిల్లాడూ వెంట ఉండడు. తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా షాపు నడుపుతున్నాను. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే ఎడమ పక్క మూడో అర మీదికి పోయేది. జింకు సిరప్పులు, విటమిన్ చుక్కలు, లేహ్యాలు, ఆకలి పుట్టిస్తాయనే ఎర్ర టానిక్కులు అన్నీ అక్కడే. మార్జిన్ బాగా మిగిలే అర కూడా అదే. దాచుకోవడం ఎందుకు.

ఆ అరలోంచి అందరికంటే ఎక్కువ సీసాలు తాగింది మా చిన్నమ్మాయి.

అది 2014లో పుట్టింది. పుట్టిన వారంలోనే పిల్లల డాక్టరు దాని కళ్ళ వాలు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయే మెత్తటి ఒళ్ళు చూసి రక్తపరీక్షకు పంపారు. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయని వచ్చింది. డౌన్ సిండ్రోమ్. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. మా దానికీ చిన్న రంధ్రం ఉందన్నారు గానీ రెండేళ్ళు నిండేసరికి అది దానంతటదే పూడుకుపోయింది. ఆపరేషన్ల కోసం తిరిగే తల్లిదండ్రులను రోజూ చూసేవాణ్ణి కాబట్టి మా అదృష్టానికి మొక్కుకున్నాను. గుండె గండం గడిచిందన్న ఆ ఊరటలోనే మిగతావాటి మీద కన్ను వెయ్యడం మానేశాం.

మిగతావంటే జలుబే. అందరి పిల్లలకూ వచ్చే జలుబే, కాకపోతే దీనికి వస్తే పోయేది కాదు. ముక్కు కారడంతో మొదలై రెండో రోజుకు చెవిలో చీము, నాలుగో రోజుకు ఛాతీలో గురక. నాలుగేళ్ళు నిండకుండానే న్యుమోనియాతో రెండుసార్లు గుంటూరులో చేర్చాం. చూడటానికొచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట: “ఈ పిల్లలకు రోగనిరోధక శక్తి తక్కువంట కదా.” వాళ్ళనేం అనలేను. అప్పట్లో చూపించిన డాక్టరు కూడా అదే అన్నారు, అని ఊరుకున్నారు.

ఆ మాటలో అబద్ధం లేదు. అందులోని ‘శక్తి’ని నేను అర్థం చేసుకున్న తీరే తప్పు. శక్తి అంటే బావిలో నీళ్ళలాంటిదని, తగ్గితే పైనుంచి పొయ్యొచ్చని అనుకున్నాను. పోశాను. పొద్దున జింకు, మధ్యాహ్నం లేహ్యం, రాత్రి పాలలో పసుపు. దగ్గు మొదలైతే షాపులో చేతికందిన యాంటీబయాటిక్ మూడు రోజులు, తగ్గినట్టు కనిపిస్తే ఆపెయ్యడం. అలా వాడకూడదని ఫార్మసీలో చదువుకున్నాను. చదువు షాపులో ఉండిపోయేది, ఇంటికి సీసా ఒక్కటే వచ్చేది.

మా అమ్మ సంగతీ చెప్పాలి. మనవరాలికి అన్నం పెట్టేది ఆవిడే. పలచటి మజ్జిగ తాగించేటప్పుడు తరచూ పొలమారేది. పొలమారినప్పుడల్లా మా అమ్మ దాని మాడు మీద తట్టి, “మీ అత్త తలుచుకుంటోందే” అనేది. మా చెల్లెలు ఒంగోలులో ఉంటుంది. ఇంత తరచుగా తలుచుకునే అత్త ఎవరికుంటుందని అందరం నవ్వుకునేవాళ్ళం. చెల్లెలికి ఫోను చేసి ఆటపట్టించేవాళ్ళం కూడా.

2018లో మూడోసారి న్యుమోనియా వచ్చింది. ఈసారి బంధువులెవరో చెబితే హైదరాబాదు తీసుకెళ్ళాం. అక్కడ చూసినావిడ చిన్న వయసు డాక్టరు. మందుల చీటీ రాయకుండా గ్లాసులో నీళ్ళు తెప్పించి, “పాపకు మీరు ఇంట్లో ఎలా తాగిస్తారో అలా తాగించండి” అంది. తాగించాను. మూడో గుక్కకు పొలమారింది. రోజూ ఇలా అవుతుందా అని అడిగితే, “అందరికీ పొలమారుతుంది కదండీ” అన్నాను. మరి కొన్నిసార్లు అసలు దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆవిడ చెప్పినప్పుడు, నా పక్కన కూర్చున్న మా అమ్మ మొహం చూడలేకపోయాను.

ఒళ్ళు మెత్తగా ఉండే పిల్లలకు గొంతు కండరాలూ మెత్తనే. మింగడం, ఊపిరి పీల్చడం రెండూ సరైన వరుసలో జరగవు. పాలు, మజ్జిగ, ఒక్కోసారి కడుపులోంచి పైకి తన్నుకొచ్చినదీ దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. చెవి సంగతీ అంతే. చెవి దారి సన్నం, చెవి నుంచి ముక్కు వెనక్కి పోయే గొట్టం పొట్టి, మొహం మధ్య భాగం చిన్నది. నీరు బయటికి పోయే తోవ లేక లోపలే నిలుస్తుంది. అంటే మేం ఏళ్ళ తరబడి ‘ఇమ్యూనిటీ’ అని పిలిచిన రోగంలో సగం కట్టడం లోపం. దానికి జింకు ఏం చేస్తుంది? చిక్కగా చేసి పెట్టడం, నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న గుక్కలు తాగించడం, మింగడం నేర్పే థెరపిస్టును కలవడం, ఇవీ ఆవిడ రాసిన మందులు.

తర్వాత టీకాల కార్డు అడిగింది. సర్కారువన్నీ వేయించామని గర్వంగా చూపించాను. న్యుమోకాకల్ టీకా గడి ఖాళీగా ఉంది. అప్పటికి అది మన దగ్గర ప్రభుత్వ పథకంలో లేదు, దేశమంతటా ఇవ్వడం 2021లో మొదలైంది. బయట వేయించాలంటే డోసు వేలల్లో ఉండేది. ఫ్లూ టీకా గడీ ఖాళీయే.

“మీరేం చేస్తుంటారు?”

“మెడికల్ షాపండి.”

“అయితే ఆ టీకా మీ ఫ్రిజ్‌లోనే ఉండి ఉంటుంది” అంది, ఎత్తిపొడుపు లేకుండానే.

ఉంది. రెండు ఉన్నాయి. మా ఊరి డాక్టరు గారి కోసం తెప్పించి పెట్టినవి. నాలుగేళ్ళలో సీసాల మీద పెట్టిన డబ్బుతో ఆ టీకాలన్నీ రెండుసార్లు వేయించి ఉండొచ్చని రైల్లో తిరిగొస్తూ లెక్క కట్టుకున్నాను. ఖరీదైతే ఎక్కువే, కానీ నేను ఆగింది ఖరీదు చూసి కాదు. టీకా అందరి పిల్లలకూ వేసేది, మా దానికి ప్రత్యేకంగా ‘బలం’ కావాలి, అనుకున్నాను. ఈ పిల్లల్లో టీకాకు వచ్చే స్పందన కొన్నిసార్లు తక్కువగా ఉండొచ్చు. అందుకే మానెయ్యడం కాదు, ఒక్కటి కూడా వదలకుండా, అవసరమైతే అదనంగా కూడా వెయ్యాలని ఆవిడ విడమరిచి చెప్పింది.

ఇక మూడోది. అప్పటికి ఏడాదిగా పిల్ల మందగించింది. కూర్చోబెట్టిన చోటే కూర్చునేది. చర్మం గరుకుదేలింది, మలబద్ధకం, గొంతు బొంగురు. అంగన్‌వాడీ టీచరమ్మ అడిగితే “ఈ పిల్లలంతేనమ్మా” అన్నది నేనే. థైరాయిడ్ పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 60 దాటింది. 5 లోపు ఉండాల్సింది. మా షాపులో పొద్దున్నే మొదటి బేరం సాధారణంగా థైరాయిడ్ బిళ్ళే. ఊళ్ళో ఆడవాళ్ళు పేరు చెప్పకుండా సీసా మూత చూపించి తీసుకెళ్తారు. ఆ లక్షణాలన్నీ కౌంటరుకు ఇవతల నిలబడి వేలసార్లు విన్నవాణ్ణి. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్న నా కూతుర్లో వాటిని చూడలేదు. డౌన్ సిండ్రోమ్ అనే పేరు ఒకటి పెట్టుకున్నాక దాని కిందికి రానిదంటూ ఏదీ మిగల్లేదు నాకు. నిద్రపోతే అదే, ఏడిస్తే అదే, కదలకపోతే అదే.

రోజుకు రెండు రూపాయలకు అటూ ఇటూగా పడే బిళ్ళ, పరగడుపున. రెండో నెలలో వాళ్ళ అక్క సైకిలు వెనక పరుగెత్తింది.

ఆ థైరాయిడ్ దగ్గరే నా బావి లెక్క తప్పింది. మా పిల్ల రక్తంలో తన సొంత గ్రంథి మీద దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయన్నారు. ఈ పిల్లల్లో థైరాయిడ్ మందగించడానికి ప్రతిసారీ ఇదే కారణం కాదు, మా దానిలో ఇది. రోగనిరోధక శక్తి తక్కువైన పిల్లలో, ఆ శక్తే సొంత ఒంటి మీదికి దూకడమేమిటి? తక్కువైతే జలుబును ఆపలేదు, సరే. మరి గొంతులో గ్రంథిని కాల్చేంత మంట ఎక్కడిది?

దీనికి జవాబు దొరకడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అదీ కరోనా పుణ్యమా అని. లాక్‌డౌన్‌లో షాపు తెరిచే ఉంది. జనం జింకు, విటమిన్ సి బిళ్ళలు పట్టీలు పట్టీలు పట్టుకుపోయారు. ‘ఇమ్యూనిటీ’ అన్న మాట ఇంగ్లీషు రాని ముసలమ్మ నోట కూడా పలికింది. 2021 మే నెలలో కృష్ణపట్నం కరోనా మందు కోసం జనం బారులు తీరడం టీవీలో చూశాం కదా, ఆ రోజులు. 2020లోనే ఇంగ్లండు లెక్కలు వచ్చాయి: డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్ళు కరోనాతో ఆసుపత్రిలో చేరే ప్రమాదం మిగతావారికంటే 4 రెట్లు, చనిపోయే ప్రమాదం 10 రెట్లు. అది పెద్దవాళ్ళ లెక్క, పిల్లలది కాదు. అయినా అది చదివిన రాత్రి నిద్రపట్టలేదు. అప్పటినుంచి షాపు మూశాక చదవడం మొదలుపెట్టాను.

నాకర్థమైనంతలో విషయం ఇది. వైరస్ ఒంట్లో దూరితే, అది దూరిన కణం ‘దొంగ దొంగ’ అని అరుస్తుంది. ఆ అరుపే ఇంటర్‌ఫెరాన్. చుట్టుపక్కల కణాలు దాన్ని వినడానికి చెవులు కావాలి, వాటిని రిసెప్టర్లంటారు. ఆ రిసెప్టర్లను తయారుచేసే జన్యువులు మొత్తం ఆరు. అందులో నాలుగు సరిగ్గా ఆ 21వ క్రోమోజోము మీదే ఉన్నాయి. క్రోమోజోము మూడైతే చెవులూ ఎక్కువే. చిన్న అలికిడి కూడా పెద్ద కేకలా వినబడుతుంది. ఒళ్ళు ఎప్పుడూ దొంగ పడ్డట్టే ఉంటుంది. కొలరాడోలో హోకిన్ ఎస్పినోసా బృందం 2016లో దీన్ని కణాల్లో కొలిచి చూపించింది.

అరుపు అంత గట్టిగా వినబడితే వైరస్‌లకు ఇంకా బాగా అడ్డుపడాలి కదా? 2022లో న్యూయార్క్ పరిశోధకులు దాని జోలికి వెళ్ళారు. అరుపు శ్రుతి మించితే ఒళ్ళు తనను తాను కాపాడుకోవడానికి చెవులు మూసుకుంటుంది. అలా మూసుకున్న వేళ ఇంకో వైరస్ వస్తే జవాబు చెప్పేవాళ్ళుండరు. ఇది చదివినప్పుడు మా వీధి నల్లకుక్క గుర్తొచ్చింది. పాలవాడిని చూసి మొరుగుతుంది, పిల్లిని చూసి మొరుగుతుంది, గాలికి కదిలే ఫ్లెక్సీని చూసి తెల్లవార్లూ మొరుగుతుంది. పక్క బట్టల షాపు షట్టరు పగలగొట్టిన రాత్రి మాత్రం అరుగు మీద ఒళ్ళెరగకుండా పడుకునుంది. పోలిక పూర్తిగా అతకదు, కుక్కకు జన్యువులు అంటగట్టలేం. కానీ ఆ కుక్కకు ఇంకో రెండు ముద్దలు ఎక్కువ పెట్టి ఉంటే దొంగ దొరికేవాడా అని ప్రశ్నించుకుంటే, మూడో అర మీద నాకున్న నమ్మకం అక్కడితో చెల్లిపోయింది.

ఇంకో సంగతి థైమస్. రొమ్ము ఎముక వెనక ఉండే చిన్న గ్రంథి. టీ కణాలు అక్కడే పాఠం నేర్చుకుంటాయి: ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయి. ఈ పిల్లల్లో అది మొదటినుంచీ చిన్నదిగా, తేడాగా ఉంటుంది. అక్కడినుంచి కొత్తగా బయటికొచ్చే టీ కణాలు తక్కువ, బీ కణాలూ తక్కువే. మనవాళ్ళను గుర్తుపట్టడం నేర్పే ఎయిర్ అనే జన్యువు, మళ్ళీ అదే 21వ క్రోమోజోము మీద. పాఠం సరిగా అందని కణం ఇంటివాళ్ళ మీదే చెయ్యి చేసుకుంటుంది. అందుకే థైరాయిడ్, పేనుకొరుకుడు, బొల్లి, మొదటిరకం షుగరు, గోధుమ పడకపోవడం లాంటివి ఈ పిల్లల్లో ఎక్కువ. గోధుమ మాట డాక్టరు అడిగినప్పుడు “మేం అన్నం తినేవాళ్ళం కదమ్మా” అన్నాను. “ఉప్మా? బ్రెడ్డు? బిస్కెట్లు?” అంది. రోజూ తినేవాటిలో సగం అవే.

ఇవన్నీ చదివాక ఒకటి తెలిసి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొలరాడో వాళ్ళు డౌన్ సిండ్రోమ్‌తో పాటు ఇలాంటి చర్మ జబ్బులున్నవారిలో ఒక మందును పరీక్షకు పెట్టారు. పేరు టోఫాసిటినిబ్. నేను కీళ్ళవాతం వాళ్ళకు అమ్మే మందే అది. రోగనిరోధక శక్తిని పెంచేది కాదు, దించేది. ఇది ఇంకా పరిశోధన మాటే, ఈ పిల్లలకు వాడే మందు కాదు, దయచేసి ఎవరూ నా షాపుకొచ్చి అడగొద్దు. కానీ ప్రపంచంలో ఒక చోట నిపుణులు మా పిల్లలాంటివాళ్ళకు బ్రేకు వెతుకుతుంటే, నేను తెనాలిలో కూర్చుని నాలుగేళ్ళు యాక్సిలరేటరు తొక్కాననుకున్నాను. తొక్కినా బండి కదల్లేదు, అదే నయం. జింకు లోపం ఉన్న పిల్లకు జింకు ఇవ్వాల్సిందే. లోపం ఉందో లేదో నేనెప్పుడూ చూడలేదు.

తప్పు చూపు నా ఒక్కడిదే కాదని ఈ మధ్యే తెలిసింది, దాంతో కొంచెం ఊరట. 1866లో ఈ స్థితిని మొదట వర్ణించిన జాన్ లాంగ్డన్ డౌన్ ఇంగ్లండులోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమంలో వైద్యుడు. ఈ పిల్లలు ఎక్కువ కాలం బతకరని, క్షయ వైపు మొగ్గుతారని గమనించాడు. అంతవరకు బాగానే చూశాడు. అయితే కన్నవాళ్ళ క్షయ వల్లే పిల్లలు ఇలా పుడుతున్నారని నిర్ణయించేశాడు. క్షయ కారణం కాదు, ఆ ఒంటి తీరు వల్ల సులువుగా పట్టుకున్న రోగం. అసలు కారణం అదనపు క్రోమోజోము అని లెజూన్, మార్తె గొతియే, తుర్పాన్‌లు పారిస్ నుంచి చెప్పేసరికి 1959 వచ్చింది. డౌన్ అంతటి పెద్దాయనే కారణాన్ని, ఫలితాన్ని తారుమారు చేశాడు. అమెరికాలో 1983 నాటికి కూడా ఈ మనుషుల సగటు ఆయుష్షు 25 ఏళ్ళు, ఇప్పుడు 60 దాకా వచ్చింది. గుండె ఆపరేషన్లు, టీకాలు, సమయానికి చేసిన పరీక్షలు, ఆశ్రమాల్లో కాకుండా ఇళ్ళలో పెంచడం, ఇవీ కారణాలు. ఆ జాబితాలో టానిక్కు కనబడదు.

మా ఇంట్లో ఇప్పుడు నడిచేది చాలా చప్పటి వ్యవహారం. ఏడాదికోసారి టీఎస్‌హెచ్, దాంతోపాటే రక్తకణాల లెక్క. ఈ పిల్లల్లో రక్తకేన్సరు ప్రమాదం ఎక్కువ కాబట్టి పాలిపోయినా, కారణం లేకుండా కమిలిన మచ్చలు కనబడినా ఆగేది లేదు. చెవుల పరీక్ష. ఏటా వానల ముందు ఫ్లూ టీకా. జలుబు చేస్తే థర్మామీటరు కంటే ముందు ఛాతీ చూస్తాం. దీనికి ఒక్కోసారి జ్వరం రాకుండానే జబ్బు ముదురుతుంది, నొప్పి ఉన్నా వెంటనే చెప్పదు. డొక్కలెగరేస్తోందా, ఊపిరి ఎన్నిసార్లు అని వాచీ పెట్టి లెక్కపెట్టడం మా ఊరి ఆశా కార్యకర్త నేర్పింది. ఏడాది దాటి అయిదేళ్ళలోపు పిల్లలు నిమిషానికి 40, అంతకు మించి పీలిస్తే ఆసుపత్రికి పోవాలి. ఇంత చిన్న లెక్క నాకు షాపు పెట్టిన పదహారో ఏట తెలిసింది. 2018 తర్వాత న్యుమోనియాతో చేర్చాల్సిన పని ఒక్కసారే పడింది.

మా అమ్మ ఇప్పుడు మజ్జిగ బదులు గడ్డపెరుగు కలిపి పెడుతుంది. ఎప్పుడైనా పొలమారితే మాడు మీద తట్టదు. వంచి వీపు నిమిరి, గుక్కలు లెక్కపెట్టి, నాకు ఫోను చేస్తుంది. ఒంగోలు చెల్లెలు మాత్రం ఇంకా అడుగుతుంది, “అన్నయ్యా, ఇవాళ నేను తలుచుకున్నానా?” అని.

మూడో అర ఇంకా ఉంది. షాపన్నాక అమ్మాలి. కాకపోతే చెయ్యి ముందులా దానంతటది పోదు. పోయిన నెల చుట్టుపక్కల పల్లె నుంచి ఒక ముసలమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. రెండేళ్ళుంటాయేమో. వాడి కళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది. “బలానికేమన్నా ఇవ్వు నాయనా, ఊరికే పడిశం పడతంది” అంది. టీకాల కార్డు ఉందా, థైరాయిడ్ చూపించారా, నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతోందా అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసింది. స్టూలు వేసి కూర్చోబెట్టి, జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి పిల్లలను చిన్నప్పుడే పరీక్షించి చూసే డీఈఐసీ అనే కేంద్రం ఉంటుందని, డబ్బు కట్టక్కర్లేదని చెప్పి, చెయ్యాల్సిన పరీక్షలు బిల్లు పుస్తకం వెనక రాసిచ్చాను.

కాగితాన్ని జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది. సీసా మాత్రం ఎదురు షాపులో కొనుక్కుని వెళ్ళింది.